లారీ కిరాయి మీకు మిగిలింది, బాక్సు మాకు మిగిలింది

డీటీహెచ్ సంస్థల యాజమాన్యాలకు, టెలికాం, టీవీ ప్రసారాలను నియంత్రించే ట్రాయ్ అధికారులకు నమస్కారం.

హనుమకొండలో టీవీలు బాగుచేసే చిన్న దుకాణం నాది. ఇరవై ఏళ్లుగా ఇళ్ల మీద డిష్‌లు బిగిస్తున్నాను. ఇటు పరకాల, శాయంపేట, రేగొండ, అటు ములుగు రోడ్డు పొడవునా ఉన్న ఊళ్లలో, కేబుల్ తీగ వెళ్లని తండాల్లో ఎన్ని డాబాలు, ఎన్ని పెంకుటిళ్లు ఎక్కానో లెక్క లేదు. మీలో ఏ సంస్థ చొక్కా కూడా నేను ఎప్పుడూ తొడుక్కోలేదు. అందరి బాక్సులూ అమ్మాను, అందరి బాక్సులూ విప్పాను. జనం మాత్రం నన్ను మీ మనిషి అనే అనుకుంటారు. మీరు ఎక్కడో కూర్చుని ఒక మార్పు చేస్తే దానికి ఇక్కడ తిట్లు తినేవాడిని నేను. కాబట్టి ఈ ఉత్తరం రాసే హక్కు నాకుంది.

ఒక అవ్వ సంగతితో మొదలుపెడతాను. రేగొండ దగ్గరి పల్లె ఆమెది. కొన్నేళ్ల కిందట ఒక పొద్దున నేను దుకాణం తెరిచేసరికే మెట్ల మీద కూర్చుని ఉంది. బియ్యపు సంచిలో సెట్‌టాప్ బాక్సు, రిమోటు, వాటితోపాటు ఎందుకైనా మంచిదని ప్లగ్గు బోర్డు కూడా తెచ్చింది. "బిడ్డా, మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ రావడం లేదు" అంది. వాళ్ల ఊళ్లో ఎవరో చూసి టీవీ ప్యానెల్ పోయింది, కొత్త టీవీ కొనాల్సిందే అన్నారట. నాలుగు నెలల ఆసరా పింఛను కొంగున ముడేసుకుని వచ్చింది.

టీవీ పోలేదు. బాక్సు పోలేదు. డిష్, తీగ, కార్డు అన్నీ బాగానే ఉన్నాయి. ఆ నెలలో ఆమె చూసే చానళ్ల బొమ్మను కుదించి పంపే పద్ధతిని ఆ సంస్థ ఎంపెగ్-2 నుంచి ఎంపెగ్-4కు మార్చింది, అంతే. శబ్దం పాత పద్ధతిలోనే వస్తోంది కాబట్టి బాక్సుకు అందింది. బొమ్మ కొత్త పద్ధతిలో వస్తోంది, అది ఆ బాక్సులోని చిప్‌కు తెలియదు. నిన్నటిదాకా తెలుగులో మాట్లాడిన మనిషి తెల్లారేసరికి గ్రీకులో మాట్లాడితే చెవిటితనం వినేవాడిదా? తెర అడుగున కొన్నాళ్లపాటు ఒక పట్టీ నడిచిందట, ఇంగ్లిషులో. ఆమె తెలుగు కూడా చదవలేదు. "ఏదో ఎర్రగా పోయేది బిడ్డా, ఎన్నికల సంగతి అనుకున్నా" అంది.

మీరు చేసిన మార్పు ఏమిటో నా గిరాకీలకు నేను ఎలా చెబుతానో మీకూ చెబుతాను. మా ఎనుమాముల మార్కెట్‌ను మీలో ఎవరైనా చూశారో లేదో. పత్తి కాలంలో వరంగల్ రోడ్ల మీద ట్రాక్టర్లు కొండల్లా కదులుతాయి. చూడటానికి కొండే, తూకం వేస్తే మాత్రం అంత ఉండదు. విడి పత్తిలో గాలి ఎక్కువ, గింజ ఎక్కువ. అదే పత్తి జిన్నింగ్ మిల్లులో గింజ వదిలించుకుని, ప్రెస్సు కింద నలిగి, 170 కిలోల బేలుగా బయటికి వస్తుంది. ట్రాక్టర్లు తెచ్చిన కొండలు లారీలో వరసగా ఒదిగిపోతాయి.

వీడియో కంప్రెషన్, అంటే బొమ్మను కుదించడం, చేసేదీ ఇదే. వార్తలు చదివే అమ్మాయి వెనక గోడ అరగంటసేపు మారదు. ఆ గోడను సెకనుకు పాతికసార్లు పంపడం దండగ. ఒకసారి పంపి, ఆ తర్వాత పెదవులు, కనురెప్పలు ఎంత కదిలాయో అంత చెబితే చాలు. బొమ్మను చిన్నచిన్న గళ్లుగా కోసి, ఏ గడి ఎటు జరిగిందో లెక్కకట్టడంలో ఎంపెగ్-2 కంటే ఎంపెగ్-4 నేర్పరి. ఇంజినీర్లు దాన్ని హెచ్.264 అంటారు. ఇంచుమించు సగం డేటాతో అదే బొమ్మ చూపిస్తుంది. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ అనే ఇంకా కొత్త పద్ధతి దాన్ని కూడా మళ్లీ సగం చేస్తుంది. పైసా పైసా పొదుపు చేసే ఈ గుమాస్తా లెక్కలంటే నాకు గౌరవమే. దాన్ని కనిపెట్టిన వాళ్లకు దండం పెడతాను.

ఇక లారీ. ఉపగ్రహంలో చానళ్లను అందుకుని కిందికి తిప్పి పంపే పరికరాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు, ఒక్కోటి ఒక్కో లారీ. 36 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌పాండర్ మీద పాత డీవీబీ-ఎస్ ప్రసార పద్ధతిలో సెకనుకు సుమారు 38 మెగాబిట్లు వెళ్తాయి. ఎంపెగ్-2లో మామూలు చానల్‌కు మూడు నాలుగు మెగాబిట్లు కావాలి కాబట్టి పది పన్నెండు చానళ్లతో లారీ నిండిపోయేది. ఎంపెగ్-4తో ఇరవై దాటుతుంది. 2005లో వచ్చిన దాని తర్వాతి తరం డీవీబీ-ఎస్2 తోడైతే అదే లారీలో మరో ముప్పై శాతం చోటు దొరుకుతుంది. అంటే ఒక కిరాయికి రెండు లారీలకు మించిన సరుకు. ఉపగ్రహాల మీద చోటు ఎంత ఖరీదైనదో మీకు నేను చెప్పాలా? 2022 జూన్‌లో ఎగిరిన జీశాట్-24లో 24 ట్రాన్స్‌పాండర్లుంటే, మొత్తానికి మొత్తం ఒకే డీటీహెచ్ సంస్థ తీసుకుంది.

బేలు కట్టడం వల్ల కిరాయి మిగిలింది మిల్లుకు. మరి ఆ బేలు విప్పే యంత్రం ఎవరు కొనాలి? మిల్లు యజమాని వచ్చి "నేను ఇక బేళ్లే పంపుతాను, విప్పే యంత్రం నువ్వే కొనుక్కో, ఇన్నాళ్లూ వాడిన యంత్రం అవతల పారెయ్" అంటే ఎనుమాములలో అతని దగ్గర సరుకు దించుకునేవాడు ఒక్కడు కూడా ఉండడు. ఆ అవ్వ దించుకుంది. ఆమెకు వేరే దారి లేదు. కొంగు ముడిలో మూడు వంతులు ఊడింది.

పాత బాక్సులు ఏదో ఒక రోజు మారక తప్పదని మీరంటారు. కాదనను. కానీ వరస చూడండి. హెచ్.264 ప్రమాణం 2003లోనే ఖరారైంది. మన దేశంలో మొదటి డీటీహెచ్ ప్రసారాలు మొదలైందీ ఆ ఏడాదే. అప్పటికి కొత్త చిప్‌లు ఖరీదు, దొరకడమూ కష్టం, ఒప్పుకుంటాను. 2007లో సన్ డైరెక్ట్ వస్తూనే ఎంపెగ్-4తో వచ్చింది. అంటే అప్పటికి ఆ చిప్ మన మార్కెట్లోకి దిగింది, చవకగా ఇవ్వడమూ సాధ్యమైంది. ఆ తర్వాత కూడా ఎంపెగ్-2 బాక్సులు నా దుకాణానికి అట్టపెట్టెల్లో వస్తూనే ఉన్నాయి. పండగ ఆఫర్లు, సగం ధర, డిష్ ఉచితం. ఏళ్ల తరబడి నా చేత్తోనే అమ్మాను. ఈ పెట్టెకు ఆయుష్షు కొద్దిగానే మిగిలిందని మీకు తెలుసు. నాకు చెప్పలేదు. నేను వాళ్లకు చెప్పలేదు. బతుకమ్మ పండక్కి కూతురింటికి అరణంగా డిష్ పంపిన తండ్రి ఒకాయన ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు.

జనానికి ఓపిక లేదనుకుంటున్నారేమో. 2010 జులై గుర్తు చేసుకోండి. ఇన్సాట్-4బి ఉపగ్రహంలో కరెంటు సరఫరా దెబ్బతిని సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేశారు. దాని మీద నడిచే ఒక సంస్థ తన చానళ్లను 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి 91.5 డిగ్రీల దగ్గరున్న మీశాట్-3కి మార్చుకుంది. మా వరంగల్ నుంచి చూస్తే ఈ రెండూ ఆగ్నేయ మూలనే ఉంటాయి. డిష్ అంచు బొటనవేలి వెడల్పున దక్షిణానికి జరిపి, ఎత్తు కాస్త సవరిస్తే చాలు. అంత చిన్న పనికి వానలో, పాకుడు పట్టిన గోడల మీద, నెలరోజులపాటు పొద్దున ఆరింటి నుంచి ఇళ్లెక్కాను. ఒక్కరంటే ఒక్కరు తిట్టలేదు. "పైన ఉపగ్రహానికి జబ్బు చేసింది" అంటే "అయ్యో" అన్నారు. టీ ఇచ్చారు. (కోతులు డిష్ చేతి మీద ఊగి దిశ మార్చినప్పుడు కూడా ఇంతే. మా దగ్గర కోతుల వల్ల వచ్చే పని వాన వల్ల వచ్చేదానికంటే ఎక్కువ. కోతిని ఎవరూ వినియోగదారుల ఫోరానికి లాగరు.) ప్రమాదం అయితే జనం అర్థం చేసుకుంటారు. ఎంపెగ్ మార్పు ప్రమాదం కాదు, మీరు సమావేశం పెట్టుకుని తేదీ వేసి తీసుకున్న నిర్ణయం.

ఎన్‌క్రిప్షన్ సంగతి కొంచెం వేరు. అందులో మీ పక్షాన కూడా నాలుగు మాటలు చెప్పాలి. చానల్‌ను గిలక్కొట్టి పంపడం, డబ్బు కట్టిన ఇంట్లో మాత్రమే దాన్ని మళ్లీ కుదురుగా పేర్చడం మీ బతుకుదెరువు. అందుకు వాడే, డిజిటల్ ప్రసారాల ప్రమాణాలు రాసే డీవీబీ వాళ్ల ఉమ్మడి పద్ధతి 1994 నాటిది. తాళంచెవి ఎనిమిది బైట్లు. అందులో రెండు బైట్లు మిగతా వాటి కూడికలే కాబట్టి అసలు రహస్యం 48 బిట్లు. ఆనాటికి అది గట్టి తాళం, ఈనాటి కంప్యూటర్ల ముందు కాదు. అందుకే చెవిని సుమారు పది సెకన్లకోసారి మారుస్తూ ఉంటారు, బాక్సులో పెట్టే కార్డు దాన్ని లోపల విప్పి బాక్సుకు అందిస్తూ ఉంటుంది. దొంగలు తాళం జోలికి పోకుండా, ఒక అసలు కార్డు విప్పిన చెవులను ఇంటర్నెట్‌లో పది ఇళ్లకు పంచిపెట్టే ఉపాయం కనిపెట్టారు. "అన్నీ వచ్చే బాక్సు ఉందా అన్నా" అని నా దుకాణానికీ వచ్చి అడిగారు. వాళ్లను పంపించేశాను. మీరు కార్డుకు, బాక్సుకు ముడివేసి, ఈ కార్డు ఈ బాక్సులోనే పనిచేయాలన్నారు. కొత్త కార్డులు తెచ్చారు. చెవిని 128 బిట్లకు పెంచిన కొత్త పద్ధతీ వచ్చింది. మంచిదే. దొంగ వచ్చిన ఇంటికి తాళం మార్చాలి.

కానీ తాళం మార్చినప్పుడల్లా తలుపు కూడా కొనమంటున్నారు. శాయంపేట వైపు తమ్ముడొకరు దుబాయిలో రెండేళ్లు పనిచేసి సంక్రాంతికి వచ్చాడు. భార్యాబిడ్డలు అన్నాళ్లూ పుట్టింట్లో ఉన్నారు, ఇంటికి తాళం. వచ్చీ రాగానే రీఛార్జి చేశాడు. డబ్బు తీసుకున్నట్టు ఫోనుకు సందేశం వచ్చింది, టీవీలో చీకటి. ఎవరు డబ్బు కట్టారో, ఎవరికి ఏ చానల్ ఇవ్వాలో చెప్పే ఆదేశాలు కూడా ఉపగ్రహం నుంచే వస్తాయి, బాక్సు మేలుకొని ఉంటేనే వాటిని అందుకుంటుంది. రెండేళ్లు నిద్రపోయిన బాక్సు ఎన్ని ఆదేశాలు పోగొట్టుకుందో. మామూలుగా అయితే సంస్థ చేత రిఫ్రెష్, అంటే ఆ ఆదేశాలు మళ్లీ, పంపిస్తే, చానల్ పెట్టి గంటసేపు వదిలేస్తే లేచి కూర్చుంటుంది. ఇతని విషయంలో ఈలోగా కార్డుల తరమే మారిపోయింది. కొత్త కార్డు తాళం వేసిన ఇంటికి పంపి, ఎవరూ లేరని వెనక్కి తీసుకెళ్లారట. కాల్ సెంటర్ అమ్మాయి అతని చేత బాక్సును పదకొండు సార్లు ఆపించి వేయించింది. పాపం ఆమెకూ ఎవరూ చెప్పి ఉండరు. చివరికి చెప్పింది ఏమిటంటే, ఆ బాక్సుకు కొత్త కార్డు పట్టదు, కొత్త బాక్సు తీసుకోవాలి. కట్టిన రీఛార్జి మాటేమిటని అడిగితే అది పాత కనెక్షన్ మీద ఉందన్నారు. ఉత్తర తెలంగాణలో ఇంటికొకరు గల్ఫ్‌కు వెళ్లే ఊళ్లున్నాయి. ఇలాంటి తాళం వేసిన ఇళ్లు మీ లెక్కల్లో ఎక్కడైనా ఉన్నాయా?

సాఫ్ట్‌వేర్ మార్పుల గురించి ఒక్క ముక్క. అర్ధరాత్రి ఉపగ్రహం నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ దింపుతారు. దిగుతుండగా మా ఊళ్లలో కరెంటు పోతే బాక్సు మీ సంస్థ గుర్తు దగ్గరే ఆగిపోయి ఇక ముందుకు కదలదు. అది వారంటీ కిందికి రాదట, "విద్యుత్ సమస్య" అట. ఆ సమయాన్ని ఎంచుకున్నది మీరా, మేమా?

ట్రాయ్ అధికారులకు కొంచెం కటువుగానే చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ఒక సంస్థ బాక్సు మరో సంస్థకూ పనిచేయాలన్నది కొత్త కోరిక కాదు. 2001 నాటి డీటీహెచ్ మార్గదర్శకాల్లోనే ఉంది. బాక్సు అందరికీ తెరిచిన పద్ధతిలో ఉండాలి, ఒక సంస్థను వదిలి మరో సంస్థకు వెళ్లే వీలుండాలి అన్నారు. అందుకు బాక్సులో ఒక అర ఉండాలి, కొత్త సంస్థ తాళం విప్పే మాడ్యూలు అందులో దోపుకోవాలి. ఆ అర ఉన్న బాక్సులు నేను విప్పాను. ఆ అరలో పెట్టే మాడ్యూలు మాత్రం హనుమకొండ చౌరస్తా నుంచి వరంగల్ చౌరస్తా దాకా ఏ దుకాణంలోనూ ఒక్కసారి కూడా చూడలేదు. దుమ్ము, బల్లిగుడ్లు చూశాను. 2020 ఏప్రిల్‌లో మీరే మళ్లీ సిఫార్సు చేశారు, బాక్సులన్నీ ఒకదాని బదులు ఒకటి పనిచేసేలా ఉండాలని, టీవీలకు కూడా అందుకు తగ్గ యూఎస్‌బీ ద్వారం ఉండాలని. ఆ సిఫార్సు నా బల్ల మీదికి ఇంకా దిగలేదు. ఫోను నంబరును 2011 జనవరి నుంచి దేశమంతటా ఏ సంస్థకైనా పట్టుకుపోగలుగుతున్నాం. నంబరు కంటికి కనిపించని వస్తువు, అదే కదిలింది. చేతిలో పట్టుకుని బస్సులో తీసుకెళ్లగలిగిన బాక్సు మాత్రం కదలడం లేదు.

దూరదర్శన్ ఉచిత డిష్‌ను చూడండి. అక్కడ ఎంపెగ్-2 చానళ్లూ ఉన్నాయి, ఎంపెగ్-4 చానళ్లూ ఉన్నాయి. పాత బాక్సు ఉన్నవాళ్లకు కొత్తవి రావు, నిజమే, దాని మీద నాకూ ఫిర్యాదులు వస్తాయి. అయినా పాతవాటిని ఒక్క రాత్రిలో నరికెయ్యలేదు. 2004 డిసెంబర్‌లో మొదలైన ఆ సేవ కోసం బిగించిన బాక్సులు రెండు మూడు మా తండాల్లో ఇంకా నడుస్తున్నాయి. ఒకదాని మూత పోతే స్టీలు గిన్నె బోర్లించారు. నెల చందా తీసుకోని ప్రభుత్వ సేవ చూపిన ఈ ఓర్పు నెలనెలా తీసుకునే మీకు ఎందుకు లేదు?

జనం ఫోన్లలో చూస్తున్నారు, చందాదారులు తగ్గుతున్నారు, మాకూ నష్టాలున్నాయి అని మీరంటారు. మరి మిగిలిన వాళ్లెవరు? ఫోనులో సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా నడవాల్సిన తండా మనిషి, అక్షరం రాని అవ్వ, ఇంటర్నెట్‌కు, టీవీకి రెండుసార్లు డబ్బు కట్టలేని కూలీ. వెళ్లగలిగిన వాళ్లు వెళ్లిపోయారు. ఉన్నవాళ్ల మీదే ప్రతి మార్పు ఖర్చూ వేస్తే వాళ్లు కూడా డిష్ విప్పి పెరట్లో కోళ్లకు నీళ్లు పోస్తారు. వెక్కిరింపుగా అనడం లేదు, అలా వాడుతున్న డిష్‌లు చూశాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, 4కే ప్రసారాలకు ఇప్పటికే హెచ్‌ఈవీసీ వాడుతున్నారు. రేపు మామూలు చానళ్లు కూడా అందులోకి వెళ్తే చోటు ఇంకో సగం మిగులుతుంది కాబట్టి ఆ ఆలోచన మీకు రాకుండా ఉండదు. ఈ ఉత్తరం ఆ సమావేశానికి ముందే మీ బల్ల మీద ఉండాలి. మారండి. కానీ ఏ మోడల్ బాక్సులు ఆగిపోతాయో ఆరు నెలల ముందు తెలుగులో చెప్పండి, పట్టీగా కాదు, నోటితో, చానల్ మధ్యలో, అక్షరం రానివాళ్లకు వినబడేలా. మీ నిర్ణయం వల్ల ఆగిపోయిన బాక్సుకు బదులు బాక్సు మీ ఖర్చుతో ఇవ్వండి. "ఉచితం" అని చెప్పి ఏడాది ప్యాకు ముందే కట్టమనడం, బిగింపు పేరుతో అదే డబ్బు వసూలు చేయడం ఉచితం కిందికి రాదు. ఇక కొత్తగా అమ్మే ప్రతి బాక్సు అట్టపెట్టె మీద అది ఏయే పద్ధతులు విప్పగలదో, ఎన్నేళ్లు ప్రసారం అందుతుందని మీరు హామీ ఇస్తున్నారో అచ్చు వేయండి. మందు సీసా మీద తేదీ వేస్తారు కదా, అలా. ట్రాయ్ దీన్ని సిఫార్సుగా కాక నిబంధనగా రాయాలి. మార్పు ఎవరు నిర్ణయిస్తారో ఖర్చు వాళ్లదే అన్న ఒక్క వాక్యం చాలు, మిగతాదంతా దాని వెంట వస్తుంది.

పాత బాక్సుల సంగతి మిగిలింది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల పట్టికలో సెట్‌టాప్ బాక్సు పేరు ఉంది. వాటిని తగిన చోటికి చేర్చే బాధ్యత తయారీదారుల మీద పెట్టారు. నా దుకాణం అటక మీద 43 బాక్సులున్నాయి. పాడైపోయినవి వేరే మూల ఉన్నాయి, వాటిని లెక్కపెట్టలేదు. ఈ 43 బాగున్నవి. కరెంటు ఇస్తే దీపం వెలుగుతుంది, రిమోటు నొక్కితే పలుకుతాయి, బొమ్మ మాత్రం చూపించవు. ఒక్కోదాని మీద ఇచ్చినవాళ్ల పేరు, ఊరు కాగితం ముక్క మీద రాసి అంటించాను. "ఎప్పుడైనా మళ్లీ పనికొస్తే చెప్పు బిడ్డా" అని వాళ్లే అడిగి రాయించుకున్నారు. అవ్వ బాక్సు పై వరసలో ఉంది. వీటిని ఏ చిరునామాకు పంపాలో చెప్పండి. పార్సిల్ ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక టీవీ మెకానిక్